గంట మాస్టారి భార్యకి మూడు నిమిషాలు

మూడు నిమిషాలిచ్చారండీ నాకు! మీ సంతాప సభలో, మీ భార్యకి, మూడంటే మూడు నిమిషాలు! మీ అన్నయ్యగారు మాత్రం అరగంట వాయించారు. ఎవరైనా నోరెత్తితే ఒట్టు. పెద్దాయన కదా!

ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నానని నవ్వుకోకండి. మీరు అందులో కూర్చున్నప్పుడు మాత్రం? గోడకి చెప్పుకున్నట్టే ఉండేది.

ఊళ్లోవాళ్లు మిమ్మల్ని గంట మాస్టారనేది ఊరికేనా? ఎంతమందికి ఉపన్యాసం నేర్పారు! ముందుమాట వద్దు. ఒక్క విషయమే చెప్పు. రాసింది పైకి చదువుకో, నాలుక తడబడిన చోటల్లా కొట్టెయ్. అసలు మాట చివరికి ఉంచు, జనం ఇంటికి పట్టుకెళ్లేది అదే. టైము దాటిందా, టింగుమని గంట. ఎంతటివాడైనా కూర్చోవాల్సిందే.

వాళ్లకి క్లాసులో గంట. నాకు ఇంట్లో మీ చూపుడువేలు. "విషయానికి రా."

నేనూ మీ పద్ధతిలోనే రాశానండోయ్. వంటింట్లో నిలబడి, గడియారం చూసుకుంటూ పైకి చదివాను. చాంతాడంత వచ్చింది. మన పెళ్లి కొట్టేశాను. మీ మంచితనం కొట్టేశాను, అది చెప్పడానికి బోలెడుమంది ఉన్నారుగా. మీ కోపం కూడా కొట్టేశాను. చివరికి ఒక్క సాయంత్రం మిగిలింది.

గుర్తుందా? నాకు ఆరో నెల. పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదని భయం. ఆ మాట నోటితో అనడానికి కూడా భయమే. అందుకే, "రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదండీ, పొద్దున మెట్లు దిగుతుంటే..." అని నసిగాను. మీరు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే వేలు చూపించారు.

"ముందుమాటలొద్దు. విషయమేంటో తేల్చుకుని రా."

వెళ్లాను. నాకేం తేలుతుంది? మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఒక్క ముక్కలో, అచ్చం మీకు నచ్చే పద్ధతిలో.

ఆ సంగతి నలుగురిలో ఒక్కసారి అనాలనుకున్నాను. అంతే. మీరుండగా ఎటూ అననివ్వలేదు.

తీరా లేవబోతుంటే మీ అన్నయ్యగారు చెవి దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ముందు వేదిక మీద పెద్దలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పు, లేకపోతే బాగోదు" అన్నారు. చెప్పాను. ఒకరా, ఇద్దరా! పోయింది ఒక్కరు, వేదిక నిండా జనం. అందరూ అయ్యాక ఊపిరి పీల్చుకుని, "ఒక సాయంత్రం నేను ఆయనకో మాట చెప్పబోతే" అన్నానో లేదో, టింగ్!

కొట్టింది మీ శిష్యుడే. గంటా మీదే.

కూర్చున్నాను.

ఎవరైనా కూర్చోమన్నారా? లేదు. ఇంకో నిమిషం మాట్లాడితే ఎవరు కాదంటారు? అయినా కాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. ఇన్నేళ్ల అలవాటు మరి! ఇక చప్పట్లే చప్పట్లు. "మాస్టారికి తగ్గ ఇల్లాలు, టైమంటే టైమే" అని మెచ్చుకోళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే దణ్ణం పెట్టాను.

పైగా ఆ గంటని మీ గుర్తుగా ఉంచుకోమని నా చేతిలో పెట్టి పంపారు. ఇదిగో, మీ కుర్చీ ముందు బల్ల మీదే పెట్టాను.

సరే, ముందుమాట లేదు. చివరి వాక్యం ఒక్కటే చెప్తాను. ఆ రోజు మీరు ఆ వేలు దించి ఉంటే, ఇవాళ సభలో నా పక్కన మన బిడ్డ కూర్చుని ఉండేదేమో.

గంట మీ ముందే ఉంది. కొట్టండి చూద్దాం.