ఎర్ర తాళం

రాజమండ్రి దగ్గర ఒక కరెంటు ప్లాంటులో బాయిలర్ మరమ్మతు జరుగుతోంది. లోపలికి దిగిన మనిషి తనమీదికి ఆవిరి వదలకుండా వాల్వుకు వేసుకున్న ఎర్ర తాళాన్ని మేనేజరు కత్తిరించబోతే, ఫిట్టరు అతని చేతిమీద రెంచితో కొట్టాడు.

“వేళ్ళు విరగ్గొట్టావు కదరా, వెధవా!”

“ఇంకో చెయ్యి ఉందండి. తాళం ముట్టుకుంటే అదీ పోద్ది.”

“అందరూ బయటికొచ్చేశారు. మీ తమ్ముడు తాళం మర్చిపోయి ఇంటికి పోయుంటాడు.”

“ఎవరి తాళం వాళ్ళే తియ్యాలని అన్ని ప్లాంట్లకీ కలిపి రూలు రాసిన సంఘంలో తమరూ ఉన్నారు కదండీ. కాకినాడలో శాలువా కూడా కప్పించుకున్నారు.”

“మీటింగు వేరు, ప్లాంటు వేరు. ఆవిరి వదలకపోతే పైవాళ్ళు నా పీక కోస్తారు.”

“వదిలితే నేను కోస్తానండి.”

“బాయిలర్ మేన్‌హోల్లోకి నువ్వే అరిచావు గదరా! ఎవడన్నా పలికాడా?”

“నేను పిలిస్తే పలకడండి.”

“ఎందుకు పలకడు?”

“పొద్దున్న నోట్లోంచి రక్తం వచ్చేలా కొట్టానండి. చావమని కూడా అన్నాను. అదే ఆఖరి మాట అయిపోద్దేమోనని భయంగా ఉంది. ఒక్కసారి మీరు పిలవండి.”

నలిగిన చేతిని పొట్టకి అదుముకుని మేనేజరు మేన్‌హోల్లోకి వంగాడు.

“అబ్బులూ! ఉన్నావేంట్రా లోపల?”

చీకట్లోంచి “ఆయ్” అని వినిపించింది.

“ఉన్నాడు! దేవుడా, ఉన్నాడు! ఒరే, మీ అన్న ఏడుస్తున్నాడు, బయటికి రారా!”

ఈసారి జవాబు రాలేదు.

“నా ఊసెత్తకండి. రాడు.”