ముందు వరస, వెనక మైదానం

సభకు పెద్దగా కూర్చున్న ఫాదర్ కెస్లర్ గారికి, ఈ రోజు నుంచి కార్వెట్ కార్ల క్లబ్బు అధ్యక్ష పదవిని నెత్తికెత్తుకుంటున్న వెండెల్ గారికి, క్లబ్బు సభ్యులకు, వాళ్ళ కార్లలో పక్క సీట్లో ఇన్నేళ్ళు ఓపికగా కూర్చున్న ఇంటివాళ్ళకు, వంటగదిలో ఇంకా బంగాళదుంప కూరిన పియరోగీలు వేయిస్తున్న మన పారిష్ అక్కచెల్లెళ్ళకు వందనాలు.

నేను బెర్నడెట్ జెలిన్స్కీని. ఇరవై రెండేళ్ళు ఈ క్లబ్బును నడిపి ఈ మధ్యాహ్నం తప్పుకుంటున్న ఫ్లోరియన్‌కు అక్కను. నాకు మాటలు తక్కువ. ఐదు నిమిషాలు మాట్లాడమని వెండెల్ గారు అడిగితే, రెండు నిమిషాలకు సరిపడా ఉన్నాయి, మిగతా మూడు ప్రార్థన చేస్తానన్నాను. వద్దన్నారు. (నవ్వులు)

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. కార్ల విషయంలో నాకు ఏదీ అర్థం కాదు. వినయం కోసం అంటున్న మాట కాదిది. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు, ఒకడు కార్వెట్, ఒకడు మస్టాంగ్. ముప్పై ఏళ్ళు వాళ్ళ మధ్య కూర్చుని అన్నీ విన్నాను. విన్నకొద్దీ అయోమయమే పెరిగింది.

మా నాన్న కార్వెట్ చేసే కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చులు పోశారు. భోజనాల బల్ల దగ్గర ఆయనది ఒకటే మాట. "ఎవరి రొట్టె తింటున్నామో వాళ్ళ బండే తోలాలి." ఫ్లోరియన్‌కి నాన్న కంపెనీలోనే పని దొరికింది. కాన్రాడ్ పెద్దవాడయ్యేసరికి అక్కడ మనుషుల్ని తీసుకోవడం ఆపేశారు. వాడు డియర్‌బార్న్ వెళ్ళి మస్టాంగ్ చేసే పోటీ కంపెనీలో చేరి, మూడో ఏడు మస్టాంగ్ కొనుక్కుని ఇంటి ముందు ఆపాడు. నాన్న కిటికీలోంచి చూసి తెర వేసేశారు. ఇద్దరూ ఆయన చెప్పిన మాటే విన్నారు కదా, మరి తప్పు ఎవరిదైంది? ఆ రోజు కూడా నాకు తెలియలేదు.

ఆదివారం భోజనాల దగ్గర వాళ్ళ మాటలు మీరు వినాల్సింది.

"ఒరే, కార్ల ప్రదర్శన నుంచి మీ మస్టాంగ్ వాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు జనాన్ని తాడు కట్టి దూరంగా నిలబెట్టాలిరా. నలుగురు చూస్తే చాలు, మీ కాలు ఆగదు, కారు పేవ్‌మెంట్ ఎక్కేస్తుంది."

"నీకేంలే అన్నయ్యా! మీకు కారుతో పాటు తెల్లబూట్లు, మెళ్ళో గొలుసు, మోకాళ్ళ నొప్పులు కూడా ఇచ్చి పంపుతారటగా. ఎక్కడానికి ఒకడు, బయటికి లాగడానికి ఇద్దరు!"

అప్పుడు అమ్మ గరిటె పట్టుకుని వచ్చేది. "నోళ్ళు మూసుకుని తినండి. మీ ఇద్దర్నీ చూస్తే పోర్షా వాడు కూడా నవ్వుతాడు."

ఇద్దరూ ఒక్కసారే తలెత్తేవారు. "పోర్షా వాడా! వాడు ముందు కారు ఎంతకు కొన్నాడో చెప్పి, తర్వాత పేరు చెప్తాడే అమ్మా!" (నవ్వులు) మా ఇంట్లో ఇద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే. ఆ పోర్షా వాడెవరో నేను ఇంతవరకూ చూడలేదు. మంచివాడే అయ్యుంటాడు.

ఇవన్నీ నిజమేనా అని నేను గమనించాను. ఇక్కడ నిలబడి లెక్కపెట్టాను కూడా. ఈ హాల్లో తెల్లబూట్లు పద్నాలుగు జతలు ఉన్నాయి. (చాలాసేపు నవ్వులు) అయితే ఫ్లోరియన్ మెళ్ళో గొలుసు ఏనాడూ వేయలేదు, అమ్మ ఇచ్చిన సిలువ తప్ప. జనం మీదికి దూసుకుపోవాల్సిన కాన్రాడ్ స్కూలు బస్సు కంటే నెమ్మదిగా నడుపుతాడు, వాడి వెనక పడితే నేనే హారన్ కొడతాను. మరి ఆ మాటలన్నీ ఎవరి గురించి అనుకోవాలి?

పన్నెండేళ్ళ కిందట నా బండి సర్వీసింగ్‌కి ఇచ్చిన రోజు ఫ్లోరియన్ తన కార్వెట్ తాళం నా చేతిలో పెట్టాడు. అది ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు తెలియదు. చర్చికి బయల్దేరాను. సెంటర్ అవెన్యూ మీద ఎదురుగా వస్తున్న కారులోంచి ఒకాయన చెయ్యి ఊపాడు. తలుపు సరిగ్గా పడలేదేమోనని ఆగి చూశాను. పడే ఉంది. ఇంకాస్త దూరం పోయాక ఇంకొకరు ఊపారు. టైరేమోనని మళ్ళీ దిగాను. మూడో ఆయన కూడా ఊపేసరికి బేకరీ ముందు ఆపి, జపమాల చేత్తో పట్టుకుని కారు చుట్టూ తిరుగుతుంటే, ఆయనే వెనక్కి తిప్పుకుని వచ్చి అద్దం దించాడు.

"ఏమైందమ్మా? సాయం కావాలా?"

"అందరూ చెయ్యి ఊపుతున్నారండీ. కిందనుంచి ఏదో ఊడిపోతోందేమోనని."

ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. "ఏదీ ఊడలేదమ్మా! కార్వెట్ కనబడితే కార్వెట్ వాళ్ళం చెయ్యి ఊపుతాం. మీరు మనవాళ్ళు కదా, అందుకని!"

ఆ రోజు పూజకు ఆలస్యమైంది. కానీ ఆ మాట నాకు ఎంత బాగుందో. పేరు అడక్కుండా, ఏ పారిష్ అని అడక్కుండా, మీరు మనవాళ్ళు అన్నాడు. నా తమ్ముడు ఇన్నేళ్ళు ఇక్కడ కట్టింది ఇదేనని అనుకున్నాను. రోడ్డు పక్కన కార్వెట్ ఆగి ఉంటే మీరెవరూ దాటి వెళ్ళరు. ఎవరైనా జబ్బుపడితే సూప్ గిన్నె పట్టుకుని ముందు వచ్చేది మీరే. దానికి మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

తర్వాతి నెల కాన్రాడ్ మస్టాంగ్ తీసుకుని బజారుకు వెళ్ళాను. నేర్చుకున్న పాఠం కదా, ఎదురుగా కార్వెట్ కనబడగానే నేనే ముందు చెయ్యి ఊపాను. ఆ నడిపేది ఎవరో కాదు, మా ఇంట్లో ఎన్నో ఈస్టర్‌లు భోంచేసిన మనిషి. నన్ను చూశాడు. కారును చూశాడు. ఆకాశం వైపు ముఖం తిప్పేసుకున్నాడు. పేరు చెప్పను, మూడో బల్ల దగ్గర ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి. (నవ్వులు) అదే నేను, అదే చెయ్యి. ఇంటికొచ్చి చాలాసేపు ఆ చెయ్యినే చూసుకున్నాను.

(కాగితం మడిచి)

ఇక్కడితో ముగించి కూర్చోవచ్చు. మొన్నటిదాకా కాగితం మీద రాసుకున్నదీ ఇంతే. కానీ ఫ్లోరియన్ ఈ రోజు వెళ్ళిపోతున్నాడు, వాడు రాసిన నియమం గురించి మాట్లాడటానికి నాకు ఇంకో సభ దొరకదు.

మీకు తెలిసిందే. మన ప్రదర్శనల్లో ముందు వరసలు కార్వెట్‌లకు, తక్కినవన్నీ వెనక మైదానానికి. అందులో చెడ్డేమీ లేదు. నిగనిగలాడే కార్లు ఒక్క వరసలో ఉంటే చూడ్డానికి బాగుంటుంది, నాకే బాగుంటుంది. ఆరేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు, ఆమె చేతి పియరోగీలు తిన్న మనుషులు కనక, క్లబ్బంతా వచ్చింది. ఇరవై ఆరు కార్వెట్‌లు. చర్చి దగ్గర బండ్లు ఎక్కడ ఆపాలో చూసే పని కూడా మీరే పెట్టుకున్నారు. గేటు దగ్గర నారింజ రంగు చొక్కా తొడుక్కుని నిలబడింది వెండెల్ గారు. అప్పటికి ఆయన క్లబ్బులో చేరి నెల కూడా కాలేదు.

కాన్రాడ్ రాత్రి డ్యూటీ దిగి డియర్‌బార్న్ నుంచి నేరుగా వచ్చాడు. వాడు మాకు తమ్ముడని వెండెల్ గారికి తెలియదు. మస్టాంగ్ కనక వాణ్ణి స్కూలు వెనక మైదానానికి పంపారు. అక్కడ బురదలో బండి వదిలి వాడు పరుగెత్తి వచ్చేసరికి అమ్మ శవపేటికను ఎత్తేశారు. కాన్రాడ్ పట్టుకోవాల్సిన పిడిని, మనిషి తక్కువయ్యాడని, క్లబ్బు సభ్యుడొకాయన పట్టుకున్నాడు. మంచి మనసుతోనే పట్టుకున్నాడు. నా తమ్ముడు మెట్ల కింద బురద కాళ్ళతో నిలబడి చూశాడు.

ఆ సాయంత్రం వాడు నాతో అన్నాడు. "అమ్మను మోయడానికి కూడా బండి బ్రాండు చూస్తాడన్నమాట మీ ఫ్లోరియన్. నా తరఫున చెప్పక్కా, ఇంక నేను వాడి ముఖం చూడను."

ఫ్లోరియన్‌కు చెప్పాను. వాడూ అరిచాడు. "గేటు దగ్గర నేనున్నానా అక్కా? నేను పంపమన్నానా? వాడు ఆలస్యంగా వచ్చి నా మీద పెడతాడేం?"

అంతే. ఆరేళ్ళు. క్రిస్మస్ ముందు సాయంత్రం మా బల్ల మీద అనుకోని అతిథికని ఒక కంచం ఖాళీగా పెడతాం, మీరూ పెడతారు. ఆరేళ్ళుగా ఆ కంచం ఎదురుగా కూర్చుని ఫ్లోరియన్ చేప ముక్కలు అటూ ఇటూ జరుపుతుంటాడు. వాడు ఎవరికోసం చూస్తున్నాడో నాకు తెలుసు, అడగను.

ఎందుకు అడగనంటే.



ఫ్లోరియన్ నిజమే చెప్పాడు. వాడు పంపమనలేదు. ఆ ఉదయం వెండెల్ గారు గేటు వదిలి మెట్ల దాకా వచ్చి, టోపీ తీసి, "అమ్మా, ఒక మస్టాంగ్ వచ్చింది, ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగారు. అడిగింది నన్ను. నేను జపమాలలో ఉన్నాను. తలెత్తలేదు. "ఫ్లోరియన్ ఎలా చేస్తాడో అలాగే చేయండి" అన్నాను.

ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే ఆ ఎర్ర కారు గుర్తుపట్టేదాన్ని. ఊరంతటిలో నేను నడిపిన ఒకే ఒక్క మస్టాంగ్ అది.



వెండెల్ గారూ, ఆరేళ్ళు మిమ్మల్ని కాన్రాడ్ ఎన్ని మాటలన్నాడో నాకు తెలుసు. ఒక్కసారి కూడా "మీ అక్కే చెప్పింది" అనలేదు మీరు. ఎందుకండీ? నాకు అదీ అర్థం కాలేదు. ఫాదర్ గారు కంచంలోకి చూస్తున్నారు. పాపం, పాపసంకీర్తనలో విన్నది ఆయన బయట చెప్పకూడదు. ఏటా లెంట్ ఉపవాస రోజుల్లో ఈ పాపం ఆయన చెవిలో వేస్తూనే ఉన్నాను, ఏం చెయ్యాలో ఆయన చెబుతూనే ఉన్నారు, నేను అది తప్ప మిగతా ప్రార్థనలన్నీ చేసి ఇంటికి పోయాను. (సన్నగా నవ్వులు) రోజూ పొద్దున్నే ఇద్దరి పేర్లూ దేవుడి ముందు పెట్టి, వీళ్ళను కలుపు తండ్రీ అన్నాను. కలపాల్సిన మాట నా నోట్లో పెట్టుకుని ఆయన్ని అడిగాను.

ఇందులో తప్పు నియమానిదా, నాదా, నాన్న రొట్టె మాటదా, ఇప్పటికీ సరిగ్గా విడదీయలేను. నాది చాలానే ఉందని మాత్రం తెలుసు.

కాన్రాడ్, నువ్వు కోట్లు తగిలించే చోట నిలబడి ఉన్నావు. అందరూ వెనక్కి తిరగకండి, వాడికి సిగ్గు. నేను ఫోన్ చేసి, "రా, వెండెల్ గారు చూపించిన చోట బండి ఆపు" అన్నానే గానీ ఇది చెప్పలేదు. నువ్వు కోపంతో వెళ్ళిపోయినా నేను ఏమీ అనను.

"అక్కా, బండి ఎక్కడ ఆపించావో నీకు తెలుసా అసలు?"

తెలుసురా. వాళ్ళకి నేనే చెబుతాను. ఫ్లోరియన్, నీ తెల్ల కార్వెట్ హాలు తలుపు ముందు, ముందు వరసలో మొదటిది. దాని వెనక, అడ్డంగా, చెయ్యి పెట్టడానికి సందు లేకుండా మస్టాంగ్ ఉంది. వెండెల్ గారు నారింజ చొక్కా తొడుక్కుని మరీ పెట్టించారు. కొత్త అధ్యక్షుడి మొదటి పని అది. (నవ్వులు, చప్పట్లు)

"అక్కా! గీతలు పడితే?"

పడితే పడతాయి ఫ్లోరియన్. విను. నాలుగింటికి మంచు మొదలవుతుందంటున్నారు. ఐదింటికి మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే బండి వస్తుంది. ఉప్పు పడేలోగా నీ కారు శీతాకాలానికి షెడ్డు చేరకపోతే ఎంత తుప్పు పడుతుందో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. కాన్రాడ్ తీస్తేనే నీ కారు కదులుతుంది. నువ్వు వెళ్ళి అడిగితేనే వాడు తీస్తాడు. ఇప్పుడు టైము రెండున్నర. నా బుర్రకు తోచిన ఉపాయం ఇంతే.

మీరిద్దరూ మాట్లాడుకున్నాక నన్ను ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి. వెనక మైదానానికి పొమ్మంటే పోతాను. బురద అలవాటు చేసుకుంటాను.

(కుర్చీ జరిగిన చప్పుడు)

ఫ్లోరియన్ లేచాడు. కూర్చోండి, మీరెవరూ లేవకండి, వాణ్ణి ఒక్కణ్ణే వెళ్ళనివ్వండి. ఇన్నేళ్ళు మీ అందరికీ చెయ్యి ఊపాడు. ఇప్పుడు తమ్ముడి వైపు ఎలా ఎత్తాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు చూడండి.

నేను పొడిగించను. ఇరవై రెండేళ్ళు నా తమ్ముణ్ణి మీ మనిషి అనుకున్నందుకు కృతజ్ఞురాలిని. వెండెల్ గారూ, మీ మౌనానికి నా దగ్గర సరైన మాట లేదు, మీకోసం ప్రార్థిస్తాను. పియరోగీలు చల్లారుతున్నాయి, తినండి. తలుపు దగ్గర ఇద్దరు ఉన్నారు కనక కాసేపు పక్క తలుపు వాడుకోండి.

ఈ క్రిస్మస్‌కి మా బల్ల మీద ఆ ఖాళీ కంచాన్ని నిజంగా అనుకోని అతిథికే వదిలేస్తాం. ఆ పోర్షా ఆయన వచ్చినా సరే.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. సెలవు.