ముందు కుడి చక్రం

శుక్రవారం సాయంత్రం, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో కార్ల సామాన్లు అమ్మే కొట్టు. బ్రష్షుల అర ముందు ఒక పెద్దాయన, పక్కనే కొట్టు నడిపే అమ్మాయి.

“ఇంతకంటే గట్టి బ్రష్షు లేదా అమ్మాయ్?”

“అంతకంటే గట్టిదైతే చక్రం మీద గీతలు పడతాయి లైట్నర్ గారూ. మోటార్‌సైకిల్‌కి తీసుకెళ్లిన సన్న బ్రష్షు ఏమైంది?”

“అది బంగారం, ఊచల మధ్య చక్కగా దూరుతుంది. గొడవంతా కారుతోనే. నలభై ఏళ్లుగా కడుగుతున్నా, నాకు నేర్పకు.”

“నేర్పను. నాలుగు చక్రాలూ ఒకేలా ఉన్నాయా?”

“మూడు అద్దాల్లా ఉన్నాయి. ముందు కుడిది మాత్రం శనివారం కడిగితే మంగళవారానికి మసి. రెండు నెలలుగా దాంతో కుస్తీ పడుతున్నా.”

“ఆ బ్రష్షు ఇటివ్వండి.”

“ఎందుకు?”

“మీకు అమ్మను. అది రోడ్డు మురికి కాదు, బ్రేకు అరిగి రాలుతున్న పొడి. ఆ ఒక్క చక్రానికే బ్రేకు పట్టేసి వదలట్లేదు.”

“మొన్న మా ఆవిడ కాలుతున్న వాసనొస్తోందంది. నీ ముక్కుకేం తెలుసన్నాను.”

“రేపెక్కడికైనా ప్రయాణమా?”

“బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీకి. మా మరదలింటికి.”

“ఆ దిగుడులో బ్రేకు చేతులెత్తేస్తే? రైల్లో వెళ్లండి. సోమవారం మెకానిక్‌ని ఇంటికే పిలవండి. అప్పటిదాకా కడగొద్దు, ఆ మసి ఆయన కళ్లారా చూడాలి.”

“మురికి చక్రంతో కారు ఇంటి ముందు పెట్టుకోవాలా? వీధంతా చూస్తుంది!”

“చూడనివ్వండి.”

ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“పోనీ, మిగతా మూడూ కడుక్కోవచ్చా?”