పొగ పోని ఇల్లు

హలో… ఆ, నేనే. చెప్పరా ఫెర్గస్. పొద్దున్నే అక్క గుర్తొచ్చిందంటే ఏదో వంట చెడగొట్టే ఉంటావు.

…

ఐల్సా వాంతి చేసుకుందా? అయ్యో, చిట్టితల్లి! జ్వరముందా? … ఒళ్లు చల్లగానే ఉందా? మరి?

మగతగా… లేపితే కళ్లు తెరవట్లేదా? సరిగ్గా చెప్పరా. నీ గొంతేంటి అంత ముద్దగా ఉంది? తాగావా?

తలనొప్పా. నీక్కూడానా. తండ్రీకూతుళ్లకి ఒకటే జలుబు అంటుకున్నట్టుంది. మీ ఆవిడ లోర్నా ఎప్పుడొస్తుంది డ్యూటీ నుంచి? … మంచుకి డునెడిన్ రోడ్డు మూసేశారా. సరే, నేను—

ఏంటీ? కుక్క కూడానా?

ఆగు. కుక్క కూడా కక్కుకుని పడుకుందా?

…

మనిషి జలుబు కుక్కకెలా వస్తుందిరా!

గదిలో చలికి పెట్టే కట్టెల పొయ్యి వెలుగుతోందా? … రాత్రి నుంచీనా? … కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కావా. ఓరి దేవుడా. పొగగొట్టం ఈ ఏడు దులిపించావా? … అబద్ధాలాడకు! … గూడా? పిట్టలు గూడు పెట్టాయని తెలిసి కూడా—

లేదురా, వాసన రాదు. గొట్టం మూసుకుపోతే పొయ్యిలోంచి వచ్చే విషగాలికి వాసనుండదు. నిద్రపుచ్చి చంపేస్తుంది. లే! పాపని ఎత్తుకుని బయటికి నడు!

… మంచు పడితే పడనీ! ఆ చలికి చావదు, లోపలుంటే చస్తుంది!

… కాసేపు కూర్చుంటావా? వద్దు! కూర్చుంటే మళ్లీ లేవవు!

—ఏమండీ! స్టువర్ట్! మీ ఫోన్లో ఫైరింజన్ వాళ్లకి కొట్టండి! నేస్‌బీలో మా తమ్ముడిల్లు! పొయ్యి విషగాలి పీల్చారు, పసిపిల్ల ఉందని చెప్పండి!

ఫెర్గస్? … ఆ చప్పుడేంటి? పడ్డావా?

మోకాళ్లు ఆడకపోతే పాకు. పాపని దుప్పటితో సహా లాగు. … బరువా? చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పాను, నాకు బరువవలేదా? లాగరా!

తలుపు కనిపిస్తోందా? … గడియ పైకెత్తు. … ఫెర్గస్, మాట్లాడు. తిట్టు నన్ను. ఏదో ఒకటి అను!

…

అనరా…

…

గాలి… అది గాలి హోరేనా? బయటికొచ్చావా? పాప? … ఊపిరి ఉందా? బుగ్గల మీద మంచు రుద్దు. … రుద్దరా! పేరు పెట్టి పిలువు. … ఇంకా గట్టిగా!

…

ఆ… వినపడింది. వినపడిందమ్మా. ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు.

ఎక్కడికి? కుక్క కోసమా? లోపల అడుగు పెట్టావంటే కాళ్లు విరగ్గొడతాను! తలుపు బార్లా తెరిచి వదిలెయ్. అదే వస్తుంది. రాకపోతే… రాకపోతే వచ్చేవాళ్లు చూస్తారు.

… నీ తప్పేరా. కడుపునిండా తిడతాను, ఇప్పుడు కాదు. లోర్నాకి నేను చెప్పుకుంటాను. చొక్కా గుండీలు విప్పి పిల్లని గుండెకి ఆనించుకో.

అది సైరనేనా? … చెయ్యూపు.

లేదు, నేనెక్కడికీ పోను. కానీ ఫోన్ పెట్టెయ్. … నీకు రెండు చేతులూ కావాలి. పెట్టేసి పాపని పట్టుకో.