భుజం దిగిన మనిషి

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే అక్క గదిలోకి, గోడ మీద నుంచి చింపుకొచ్చిన పోస్టరుతో తమ్ముడు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“ఇది నువ్వే వేశావా అక్కా?”

“నేనే. చింపేశావేంట్రా? బడి దగ్గర పిల్లల్ని మాటల్లో పెట్టి తీసుకుపోబోయాడే, వాడి బొమ్మ. కాలనీ సెక్రటరీ గారు ఇంటికొచ్చి మరీ వేయించుకున్నారు.”

“మెల్లగా మాట్లాడు. నాన్న పడుకున్నాడా?”

“పక్క గదిలో. ఇప్పుడే కన్నంటుకుంది. ఏమైంది?”

“వాణ్ణి చూసిన పాప నీకేం చెప్పింది? ఉన్నదున్నట్టు చెప్పు.”

“పొడుగ్గా ఉన్నాడంది. ముసలాయనంది.”

“ఇంకా?”

“ఇంకా అంటే... బిక్కచచ్చిపోయి ఉందిరా పాపం. అంతకంటే ఏం చెబుతుంది?”

“మరి ఈ వంగిన వీపు? ఈ దిగిపోయిన కుడి భుజం? చేతులు వెనక్కి కట్టుకోవడం?”

“పొడుగాటి ముసలాయనలు ఊరినిండా ఉంటారు. బొమ్మంటే అలా కాదు. నిలువునా నల్లరంగు పూసేసినా ఫలానా వాడని తెలిసిపోవాలి. ఏదో ఒక్క గుర్తు పట్టుకుని దాన్ని కాస్త పెంచాలి. నా బొమ్మల్ని పిల్లలు ఇట్టే గుర్తుపడతారంటే ఊరికేనా?”

“ఇది పుస్తకం కాదక్కా.”

“తెలుసులే.”

“ఈ భుజం ఎవరిది?”

“ఎవరిదేంటి? ఊహించి వేశాను.”

“ఎవరిదక్కా?”

“అబ్బ, చెప్పాను కదరా, ఊహించి...”

“కింద మెట్ల దగ్గర ఇద్దరు నన్నాపి అడిగారు, ఈయన మీ బిల్డింగులోనే ఉంటాడా అని.”

“నువ్వేమన్నావ్?”

“ఏమంటాను? తెలీదని చెప్పి పరిగెత్తుకొచ్చాను.”

“ఒరేయ్... చిన్నప్పుడు బడికి ఆ వీపు వెనకే కదరా నడిచాం. మనిషిని వేయాలంటే చెయ్యి దానంతటదే అటు పోతుంది. నాన్నని వేస్తున్నానని నాకే తెలియలేదు. ఒట్టు.”

“నిన్న పక్క వీధిలో పాత సామాన్లు కొనేవాణ్ణి, వీడేనని పట్టుకుని చావబాదారు. వాడికి ఈ పోలిక కూడా లేదు.”

“ఆ ఫోనిటివ్వు. సెక్రటరీ గారికి చెప్పేస్తా.”

“కాస్త ఆలోచించి చెప్పు.”

“ఆలోచించేదేముంది, నిజం చెబితే సరి. హలో, సెక్రటరీ గారూ, నేనండీ, బొమ్మలు వేసే అమ్మాయిని. ఆ పోస్టర్లన్నీ ఇప్పుడే తీయించేయండి.”

“అదేంటమ్మా, బ్రహ్మాండంగా పనికొస్తుంటేనూ. చూసినవాళ్ళంతా ఈయన్ని ఎక్కడో చూశామే అంటున్నారు.”

“అదేనండీ చిక్కు. ఆ నడకా అదీ పాప చెప్పలేదు. మా నాన్నది వేశాను.”

“మీ నాన్నగారిదా?”

“అవునండీ. వీపూ, భుజం, అన్నీ ఆయనవే. తప్పు నాదే.”

“అక్కా, చాలు. పెట్టేయ్.”

“ఉండరా. వింటున్నారా, సెక్రటరీ గారూ? ఏంటండీ ఆ గోల? ఎవరున్నారక్కడ?”

“అందరం ఇక్కడే ఉన్నామమ్మా, అందరం విన్నాం. కన్నతండ్రి గురించి ఇలా చెప్పడానికి ఎంత గుండె కావాలి. ఆయన్ని బయటికి పోనివ్వకండి, మేమే వస్తున్నాం.”