కొత్త కంప్యూటర్ సైరన్ గురించి, మా ఆయన మతి గురించి

నా పేరు నాగమణి. భర్త పేరు భీమశంకరరావు. నా వయసు యాభై ఆరు. కూర్మన్నపాలెం జంక్షన్ లోపలి వీధిలో, వైభవ్ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. మా సొంత ఊరు కొవ్వూరు దగ్గర. వృత్తి అన్నచోట, ఈ వాంగ్మూలం రాసుకుంటున్న హెడ్ కానిస్టేబుల్ జగ్గయ్య గారు మొదట 'ఏమీ లేదు' అని రాశారు. కొట్టేయించాను. నేను జాకెట్లు కుడతాను. ఈ ఫిర్యాదు ఇచ్చిన మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కామరాజు గారి భార్య జాకెట్లు కూడా నేనే కుడతాను. ఆవిడ మీద నాకేమీ కోపం లేదు.

నన్ను స్టేషన్‌కి ఎవరూ పిలవలేదు. నేనే ఆటో ఎక్కి వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన లేని ప్రమాదం ఉందని చెప్పి జనాన్ని బయటికి తోలారని, కరెంటు తీసేశారని, తనను లిఫ్టులో ఇరికించారని, పైగా ముఖానికి తడిగుడ్డ చుట్టి ఊపిరాడకుండా చేశారని కామరాజు గారు రాసిచ్చారు. మా ఆయనకి మతి సరిగా లేదని కాగితం మీద సంతకం పెట్టిస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని కూడా అన్నారు. మా ఆయన ఈ సాయంత్రం ఆ సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు. అది పడకముందే నా మాట రాసుకోమని వచ్చాను.

మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ లైన్ల సేఫ్టీ చూసేవారు. పోయిన ఏడు రిటైరయ్యారు. ఏ ఇల్లు చూడడానికి వెళ్ళినా ముందు మెట్లు చూస్తారు, తరవాతే వంటిల్లు. సినిమా హాల్లో కూర్చునే ముందు తలుపులు ఎటువైపు ఉన్నాయో నాకు చూపిస్తారు. పెళ్ళిళ్ళలో కూడా అంతే. మా చుట్టాలు ఆటపట్టిస్తారు. నేనూ ఆటపట్టిస్తాను. అది మతి తప్పడమైతే ఆయనకి పాతికేళ్ళ కిందటే తప్పింది.

కంప్యూటర్ మాకు కొత్త కాదు. ఏడేళ్ళుగా ఒకటి ఉండేది. ఆయన అందులో పేకాట ఆడేవారు, రిటైరైనవాళ్ళ మెడికల్ కార్డుల కోసం అర్జీలు టైపు చేసేవారు. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి అది పోయింది. మధురవాడలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి కీర్తన ఈ ఏప్రిల్‌లో కొత్తది కొనిచ్చింది. అందులో సిస్టమ్ కూడా సరికొత్తదట. పేకాట ఎక్కడ దాచారో కనుక్కోవడానికే మా ఆయనకి తల ప్రాణం తోకకి వచ్చింది.

ఆ సిస్టమ్‌లో ఏది ముట్టుకున్నా తెరంతా మసకబారి ఒక పెట్టె వస్తుంది. ఈ పని చేస్తున్నది మీరేనా, అనుమతిస్తారా అని అడుగుతుంది. మొదట్లో ఆయన దాన్ని తెగ మెచ్చుకున్నారు. ప్లాంట్‌లో పర్మిట్ కాగితం లేనిదే బోల్టు కూడా విప్పనివ్వరు. "చూశావా నాగమణీ, ఎవడో సేఫ్టీ తెలిసినవాడే చేశాడు దీన్ని" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పెట్టెనీ మొదటి నుంచి చివరిదాకా చదివి, అప్పుడు నొక్కేవారు. వారం తిరిగేసరికి ఆ ముచ్చట తీరిపోయింది. "నేనేనయ్యా! పొద్దున్నించీ నేనే! ఇంకెవడున్నాడు ఇక్కడ?" అని తెర మీద అరిచేవారు. వంటింట్లో నాకు నవ్వాగేది కాదు.

అదొక్కటే అయితే సర్దుకుపోయేవాళ్ళం. మేము అడగనివి బోలెడు అందులో ముందే తిష్ట వేసుకుని ఉన్నాయి. ఒకటి ఏదో చలిదేశంలో వాతావరణం చెబుతుంది. మాకిక్కడ చెమటలు కారిపోతుంటే అక్కడ మంచు పడుతోందని చూపిస్తుంది. ఒకటి పుట్టినరోజు కార్డులు చేసుకోమని వెంటపడుతుంది. ఒకటి చేపలు పట్టే ఆట. కాసేపు ఆడనిచ్చి, సరదా పుట్టేసరికి డబ్బు కట్టమంటుంది. ఇల్లు అద్దెకి తీసుకుని తాళం తీస్తే, లోపల ఎవరో నలుగురు కూర్చుని భోజనం చేస్తున్నట్టుంది. మా ఆయన వాటిని తీసేసేవారు. కొన్ని మళ్ళీ వచ్చేవి. కొన్న షాపుకి ఫోన్ చేస్తే, అవన్నీ ఫ్రీ అండీ, ఉండనివ్వండి అన్నారు. "ఫ్రీ అయితే నువ్వే పట్టుకుపో" అని ఈయన ఫోన్ పెట్టేశారు.

వాటన్నిటిలోకీ మొండిది వైరస్‌కి కాపలా కాసేది. కొన్నాళ్ళు ఊరికే కాస్తుందట, తరవాత డబ్బు కట్టాలట. రోజూ కుడివైపు మూల నుంచి లేచి, గడువు దగ్గరపడుతోంది జాగ్రత్త అనేది. మా ఆయన దాన్ని తీసెయ్యబోతే, మీరేనా అని అడిగింది. అవునని నొక్కితే, మీకా అధికారం లేదు అంది. కొనుక్కున్నవాళ్ళకి అధికారం లేదట. ఆ పూట ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. కీర్తన సెలవు చూసుకుని వచ్చి తీసేస్తానంది. ఆ సెలవు ఇంకా దొరకలేదు.

పోయిన ఆదివారం, 2008 జూన్ 15, మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఆయన కంప్యూటర్‌లో పాటలు పెట్టుకుని పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. ఆయనకి ఒక చెవి కాస్త మందం, అందుకని స్పీకర్లు గట్టిగా పెడతారు. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. పాట మధ్యలో ఆగిపోయి సైరన్ మొదలైంది. నేను చేతులు కడుక్కోకుండానే వచ్చి చూశాను. తెరంతా ఎర్రగా ఉంది. మధ్యలో డేంజర్ అని తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"నాగమణీ, స్టవ్ కట్టెయ్. ఏ స్విచ్చీ ముట్టుకోకు. కొంగు తడిపి ముక్కుకి పెట్టుకుని కిందికి నడు."

"వాసనేం రావట్లేదు కదండీ?"

"ప్రాణం తీసే ప్లాంట్ గ్యాస్‌కి వాసనుండదే. రాకపోతేనే భయపడాలి. నడు!"

నేను నడిచాను. అది కంప్యూటర్ కూత అని ఆయనకి తట్టలేదా అని ఎస్.ఐ. గారు అడిగారు. తట్టలేదు. ప్లాంట్‌లో కంట్రోల్ రూమ్‌లో గ్యాస్ కబురు తెర మీదే వస్తుంది. తెర ఎర్రబడి సైరన్ మోగిందంటే ఒకటే అర్థం. అది చూసి నమ్మడమే ఆయన ఉద్యోగం. నమ్మి ఆలస్యం చెయ్యకపోవడం కూడా. నాకూ తట్టలేదు. డబ్బు కట్టకపోతే కంప్యూటర్ సైరన్ కూస్తుందని మాకెవరూ చెప్పలేదు.

ఆయన ఒక్క కాలింగ్ బెల్ కూడా నొక్కలేదు. నొక్కితే నిప్పురవ్వ పుడుతుందని తలుపులన్నీ చేత్తోనే కొట్టారు. పరిగెత్తొద్దు, నడవండి, లిఫ్టు ఎక్కొద్దు అని చెబుతూ అందరినీ మెట్ల మీద దింపారు. రెండో అంతస్తులో ఒకాయన స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని వచ్చారు. కింద వాచ్‌మన్ వీర్రాజు, "అమ్మా, ఏటయిపోనాది? బాబుగారేటి అలాగ తలుపులు బాదీస్తన్నారు?" అని నన్ను అడిగాడు. వాడికి జవాబు చెప్పేలోగా మా ఆయన మీటర్ల గదిలోకి వెళ్ళి మెయిన్ లాగేశారు. కరెంటు పోయినా సైరన్ ఆగలేదు. మా ఇంట్లో కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది, దాని బ్యాటరీ మీద మోగుతూనే ఉంది. దాంతో ఆయనకి ఏ మూలో మిగిలిన అనుమానం కూడా పోయింది. ప్లాంట్‌లో అసలు సైరన్లన్నీ బ్యాటరీ మీదే మోగుతాయట.

పక్కన ఖాళీ స్థలంలో ఇసక గుట్ట ఉంది. జేబురుమాలు ఎత్తి గాలి ఎటు వీస్తోందో చూసి, అందరినీ గాలికి ఎదురువైపు నిలబెట్టారు. ఫ్లాట్ నంబరు చెప్పి ఒక్కొక్కరినీ పలకమన్నారు. జనం సణుగుతూనే పలికారు. లెక్క కామరాజు గారి దగ్గర ఆగింది. ఆయన భార్య చుట్టూ చూసి, "హార్బరుకెళ్ళినారండీ రొయ్యలకి. గేటు దగ్గరకొచ్చీసినానని ఇందాకే ఫోను సేసినారు" అంది. అప్పుడు లోపల్నుంచి కేక వినబడింది.

"ఎవలైనా ఉన్నార్రా? నాను లిఫ్టులో ఉండిపోనాను! భీమశంకరం బావా!"

ఆదివారం దాకా మా ఆయన కామరాజు గారికి బావ. ఫిర్యాదులో సదరు వ్యక్తి అయ్యారు. సరే.

ఇక్కడి నుంచి జగ్గయ్య గారు తొందరపడకుండా రాయాలి. మా ఆయన భుజం మీద తువ్వాలు తీసి వీర్రాజు బక్కెట్లో ముంచారు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఎవరినైనా పంపండి, మీరొద్దు అన్నాను. "ఎలా వెళ్ళాలో వాళ్ళకి తెలీదే, నాకు తెలుసు" అన్నారు. చెయ్యి విడిపించుకుని, వీర్రాజు దగ్గర లిఫ్ట్ తాళంచెవి తీసుకుని, తువ్వాలు ముక్కుకి కట్టుకుని లోపలికి వెళ్ళారు. ఆయన తిరిగి రారని నేను అనుకున్నాను. దాచడం దేనికి, అలాగే అనుకున్నాను. నేను మంగళసూత్రం నోట్లో పెట్టుకుని కొరుకుతున్నానని, కింద అంతస్తు జ్ఞానశేఖర్ గారి అమ్మాయి స్టెఫీ తరవాత చెప్పింది. నాకు గుర్తు లేదు.

లిఫ్టు మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఆగి ఉంది. మా ఆయన రెండో అంతస్తు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి అందించారట. కామరాజు గారు ముందు రొయ్యల సంచి అందించారట. ఇది ఆయన భార్యే నాతో చెప్పింది. కామరాజు గారిని పైకి లాగగానే, మా ఆయన తన ముక్కుకున్న తువ్వాలు విప్పి ఆయన ముఖానికి చుట్టేశారు. ఫిర్యాదులో ఊపిరాడకుండా చేసిన తడిగుడ్డ అదే. వాళ్ళిద్దరూ మెట్లు దిగి వస్తుంటే నేను చూశాను. కామరాజు గారి ముఖం కళ్ళదాకా తువ్వాలులో ఉంది. మా ఆయన ముక్కుకి ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి ముఖం కందిపోయి ఉంది. ఒక చేత్తో ఆయన్ని నడిపిస్తున్నారు, ఇంకో చేతిలో రొయ్యల సంచి ఉంది.

కాసేపటికి యూపీఎస్ అయిపోయి సైరన్ ఆగింది. స్టెఫీ పైకి చూసి, "అంకుల్, ఆ సౌండు మీ కంప్యూటర్లోంచేనండి. యాంటీవైరస్ డేటు అయిపోతే అలాగే అరుస్తాది. మా కాలేజీలో కూడా అరిసింది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన బతికి వచ్చిన సంతోషానికి నవ్వాను గానీ, ఆయనకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆయన ఇసక మీద కూర్చుండిపోయారు.

నిన్న కామరాజు గారు మా ఇంటికి వచ్చారు. "కేసు పెట్టాలని నాకేటమ్మా సరదా? బుర్ర సరిగా నేదని ఓ కాయితం మీద సంతకం సేయించీండి, నాను కంప్లెయింటు తీసీసుకుంటాను" అన్నారు. కామరాజు గారు వెళ్ళాక మా ఆయన నన్ను దగ్గరికి పిలిచి, "నాగమణీ, నిజంగానే నాకేమైనా అయిందంటావా? సంతకం పెట్టేస్తే పోలా?" అని అడిగారు. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ లేదు. రోజంతా మీరేనా, మీరేనా అని ఒక పెట్టె అడుగుతుంటే ఏ మనిషికైనా తన మీద తనకే అనుమానం వస్తుంది. దానికి తోడు ఇరుగుపొరుగు కూడా మొదలుపెడితే ఇంకేం మిగులుతుంది?

కంప్యూటర్‌ది తప్పుడు కూత. మా ఆయన దాన్ని నమ్మారు. అది పొరపాటే. లిఫ్టులో కామరాజు గారు పడిన అవస్థకి నేను చేతులు జోడించి క్షమాపణ అడుగుతాను, ఆయన మనవరాలికి గౌను కూడా కుట్టి ఇస్తాను. మతి మాట మాత్రం ఒప్పుకోను. గ్యాస్ లేదని ఇప్పుడు మనందరికీ తెలుసు. ఆ తువ్వాలు విప్పినప్పుడు ఆయనకి తెలియదు. ఉందనుకునే విప్పారు. తన ముక్కుకున్నది తీసి పక్కవాడికి కట్టిన మనిషికి మతి లేదని ఎవరు రాస్తారో రాయండి. నేను మాత్రం పక్కన సాక్షి సంతకం పెట్టను.

మళ్ళీ ఎప్పుడైనా ఇలాగే జరిగితే ఏం చేస్తారని ఎస్.ఐ. గారు నవ్వుతూ అడిగారు. ఆయన దిగమంటే దిగుతాను. ఈసారి మాత్రం ఆయన్ని ఒక్కరినీ పైకి వెళ్ళనివ్వను.

జగ్గయ్య గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట 'ముద్దాయి' అని ఉంటే 'మా ఆయన' అని మార్పించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) నాగమణి
17-6-2008, కూర్మన్నపాలెం