ఎర్ర తీగ

"నా వెన్న కత్తితో మళ్ళీ మరలు బిగించావా, టెస్సా?"

"కడిగి పెడతాలేమ్మా."

"కడిగితే వంకర పోతుందా?"

డెర్వెంట్ లోయలోని ఆ వంటింటి బల్ల మీద వేడి కొలిచే పెట్టె తెరిచి ఉంది. రేపు బట్టీలో, బీరులో వేసే హాప్స్ పూలు ఆరబెట్టాలి. పెట్టె పనిచేయడం లేదని హోబర్ట్ పట్నం నుంచి మెకానిక్‌ని రేపటికి రమ్మన్నానని రాస్ కూతురికి పొద్దున్నే చెప్పేశాడు.

"పెట్టెలోని ఎనిమిది మాడ్యూళ్ళలో, కొత్త తీగ కలిపిన ఇదొక్కటే పిచ్చి అంకెలు చూపిస్తోంది. మాడ్యూల్ మార్చి చూసినా అంతే."

"తీగ చివర నా టీలో ముంచు."

"టీలోనా?"

"ముంచవే, అంకె చెప్పు."

"పద్దెనిమిది... మూడు... అమ్మా, వేడి తగిలితే సున్నా కిందికి పోతోంది!"

"అంటే?"

"తీగలు తారుమారయ్యాయి. కానీ ఎర్రది ప్లస్‌కే పెట్టానే!"

కొత్త తీగతో వచ్చిన కాగితాన్ని తల్లి హెలెన్ చెత్తబుట్టలోంచి తీసి ఎప్పుడో చదివింది. అయినా కూతురే కనుక్కోనీ అని కత్తి వంకర సరిచేస్తూ కూర్చుంది.

"ఆగమ్మా. పాతవి ఆకుపచ్చ, తెలుపు. ఇది అమెరికా తీగ. వాళ్ళకి ఎర్రదే మైనస్!"

తీగలు మారాయి. అంకె నలభైకి ఎక్కింది.

"టీ చల్లారిపోయిందమ్మా."

"పోనీలే."

రాత్రి భోజనాల దగ్గర రాస్ మాంసం కోస్తూ అడిగాడు.

"హోబర్ట్ అతను ఎన్నింటికి వస్తున్నాడు?"

"రావద్దని చెప్పేశాను," అంది హెలెన్.

"నన్నడక్కుండానా?"

"ఆ బట్టీ మా నాన్న నాకిచ్చింది. ఈ ఏడు దాన్ని టెస్సా నడుపుతుంది. గుమ్మడికాయ వేసుకో."